టీచర్‌కి సర్టిఫికేషన్ లేదని స్కూల్ నుంచి లెటర్ వచ్చింది, ఏం చేయాలి?

డల్లాస్ అమ్మ:
అందరికీ నమస్తే అండి. మేం డల్లాస్ దగ్గర ఉంటాం, బాబు ఐదో గ్రేడ్. నిన్న వాడి ఫోల్డర్‌లో ఒక లెటర్ పెట్టి పంపారు, ఒక పక్క ఇంగ్లీషు, వెనకాల స్పానిష్. మీ పిల్లాడికి మ్యాథ్స్ చెప్తున్న టీచర్‌కి ఈ గ్రేడ్‌కి, ఈ సబ్జెక్ట్‌కి స్టేట్ సర్టిఫికేషన్ లేదు, నాలుగు వారాలు దాటింది కాబట్టి చట్టప్రకారం తెలియజేస్తున్నాం అని ఉంది. అంతే, ఎందుకు లేదు ఎప్పటికి వస్తుంది అన్న ముక్క ఎక్కడా లేదు, కింద ప్రిన్సిపాల్ సంతకం. మా ఆయన చూడగానే సెక్షన్ మార్పించేద్దాం అన్నారు. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఫోటో పెట్టారు, ఇంక చూడండి, ఇంత ప్రాపర్టీ ట్యాక్స్ కట్టించుకుని ఇదా అని మొదలెట్టారు. కానీ మా వాడికి ఆవిడంటే ఇష్టమండీ, ఇంటికొచ్చి ఫ్రాక్షన్స్ బొమ్మలు గీసి నాకే క్లాస్ పీకుతున్నాడు. ఇది సీరియస్సా, ఊరికే ఫార్మాలిటీనా? గట్టిగా అడిగితే ఆవిడ మనసులో పెట్టుకుని మా వాడి మీద చూపిస్తారేమోనని ఇంకో భయం.

పాత కాపు, ఆస్టిన్:
నాలుగు వారాలు అని ఉందంటే మీది టైటిల్ వన్ స్కూల్ అయి ఉంటుంది, అంటే ఫెడరల్ డబ్బు వచ్చే స్కూల్. 2015లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ యాక్ట్‌లోనే ఈ రూల్ ఉంది, స్టేట్ అర్హత లేని టీచర్ వరసగా నాలుగు వారాలు లేదా అంతకన్నా ఎక్కువ చెప్తే పేరెంట్స్‌కి చెప్పి తీరాలి. అది కాకుండా టెక్సాస్‌కి సొంత రూల్ ఒకటుంది, సర్టిఫికెట్ లేనివాళ్ళని ఒకే క్లాస్‌లో వరసగా 30 స్కూల్ రోజులు మించి పెడితే సూపరింటెండెంట్ రాతపూర్వకంగా పేరెంట్స్‌కి తెలపాలి. అయితే 2015 నుంచి డిస్ట్రిక్ట్ ఆఫ్ ఇన్నోవేషన్ అని పేరు పెట్టుకుని చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ఏరియా గవర్నమెంట్ స్కూళ్ళని నడిపే సంస్థలు) సర్టిఫికేషన్ రూల్ నుంచే మినహాయింపు తెచ్చుకున్నాయి, 2025లో హౌస్ బిల్లు 2 అనే టెక్సాస్ చట్టం వచ్చాక మెయిన్ సబ్జెక్టుల్లో అది దశలవారీగా తీసేస్తున్నారు. సో మీకు లెటర్ వచ్చిందంటే వాళ్ళేదో దాస్తున్నారని కాదు, దాచకుండా చెప్పారని.

ఒకటి గమనించండి, లెటర్‌లో "ఈ గ్రేడ్‌కి ఈ సబ్జెక్ట్‌కి" అని ఉంది కదా. ఆవిడకి అసలు సర్టిఫికెట్టే లేదా, వేరే సబ్జెక్ట్‌లో ఉండి ఇక్కడ వేశారా అన్నది దాన్నిబట్టి తేలదు, రెండిటికీ మధ్య బోలెడు తేడా. టీఈఏ, అంటే టెక్సాస్ విద్యాశాఖ సైట్‌లో టీచర్ పేరు కొడితే రికార్డు వచ్చేస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. ముందు అది చూడండి.

చాక్‌పీస్ చేతులు:
నేను ఇక్కడే టీచర్‌ని, అవతలి వైపు నుంచి చెప్తాను. ఇండియాలో బీఎడ్ చేసి ఎనిమిదో క్లాస్, తొమ్మిదో క్లాస్‌కి మ్యాథ్స్ చెప్పినదాన్ని, ఇక్కడికొచ్చాక డిగ్రీ ఎవాల్యుయేషన్, కంటెంట్ ఎగ్జామ్, పెడగాజీ ఎగ్జామ్ అంటూ మళ్ళీ మొదటికొచ్చాను. ఇంటర్న్ సర్టిఫికెట్ (ట్రైనింగ్‌లో ఉండగా ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్) మీద చెప్పినప్పుడు నా క్లాస్ పేరెంట్స్‌కి స్టేట్ లెటర్ ఏదీ వెళ్ళలేదు, ఎందుకంటే ఆల్టర్నేటివ్ ప్రోగ్రాంలో, అంటే ఉద్యోగం చేస్తూనే సర్టిఫికెట్ తెచ్చుకునే దారిలో ఉన్నవాళ్ళు ఆ స్టేట్ రూల్ లెక్కలో అన్‌సర్టిఫైడ్ కిందికి రారు. అంటే లెటర్ వచ్చిన టీచర్ నాకన్నా బాగా చెప్పేవాళ్ళు అయ్యుండొచ్చు, రానివాళ్ళు నాలాగా బోర్డు ముందు చెమటలు పడుతూ ఉండొచ్చు 😄

పిల్లాడి మీద చూపిస్తారేమో అన్న భయం వద్దండీ. ఆ లెటర్ వెళ్తుందని ఆవిడకి ముందే తెలుసు, ఆ వారమంతా ఆవిడ ఎంత ముడుచుకుపోయి ఉంటారో నాకు తెలుసు. అడగాల్సింది మాత్రం ప్రిన్సిపాల్‌ని, ఆవిడని కాదు. లెసన్ ప్లాన్ ఎవరు రాస్తున్నారు, మ్యాథ్స్ కోచ్ (టీచర్లకి సాయం చేసే సీనియర్) క్లాస్‌లోకి వస్తున్నారా లేదా, ఆవిడ సర్టిఫికేషన్ ఎగ్జామ్ ఎప్పుడు రాస్తున్నారు, ఈ మూడూ ఈమెయిల్‌లో పెట్టండి, నోటిమాటగా వద్దు. ఇంకోటి, సేఫ్టీ గురించి గ్రూప్‌లో ఎవరైనా మొదలెడితే చెప్పండి, ఫింగర్‌ప్రింట్ చెక్ సబ్‌స్టిట్యూట్‌లకి, అంటే టీచర్ లేనప్పుడు బదులు వచ్చేవాళ్ళకి కూడా తప్పదు, దానికీ సర్టిఫికెట్‌కీ సంబంధం లేదు.

కేటీ నాన్న:
మేడం మీరు మంచివారే గానీ నాది వేరే అనుభవం. మా పాపకి సైన్స్‌కి ఒక లాంగ్ టర్మ్ సబ్‌స్టిట్యూట్‌ని పెట్టారు, మంచాయనే, పిల్లలకి వీడియోలు పెట్టి వర్క్‌షీట్లు పంచేవాడు. లెటర్ వచ్చింది, చదివాం, తర్వాత ఏం జరిగింది అంటే ఏమీ జరగలేదు, ఇయర్ అయిపోయింది. లెటర్ పంపితే స్కూల్ పని అయిపోయినట్టే, టీచర్‌ని మార్చమని ఆ చట్టం ఎక్కడా చెప్పదు. కాబట్టి ఓపిక పట్టండి అనేవాళ్ళ మాట పూర్తిగా నమ్మకండి, యూనిట్ టెస్టుల పేపర్లు ఇంటికి తెప్పించుకుని మీరే చూసుకోండి. ఫ్రాక్షన్స్ బొమ్మలేస్తున్నాడు కాబట్టి మీ కేసులో పర్లేదు అనిపిస్తుంది.

ఓరుగల్లు పోరడు:
మీ ముచ్చట సదువుతుంటే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వట్లే. మా హైదరాబాద్‌ల గిసొంటి లెటర్ నేనైతే ఎన్నడు సూడలే. టీచర్ల అర్హతలు తేల్చే ఎన్‌సీటీఈ వాళ్ళు 2010లనే ఒకటి నుంచి ఎనిమిది దాంక చెప్పాలంటే డీఎడో బీఎడో ఉండాలె, దానిమీద టెట్ పాస్ కావాలె అన్నరు. మా పాప బడిల సైన్స్ సార్ బీటెక్ చేసిండు, మంచిగనే చెప్తడు, గని గా సంగతి మాకు బడోళ్ళు చెప్పలే, పాపే చెప్పింది. అడ్మిషన్ కౌంటర్ కాడ అడిగితే "అందరూ క్వాలిఫైడే సార్" అనుకుంట ఫీజు కాయితం ముందట పెడ్తరు. సీబీఎస్ఈ బడి అయితే వెబ్‌సైట్‌ల మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్ అని పెట్టాలె, టీచర్ల వివరాలు గండ్లనే ఉండాలె, ఇక్కడోళ్ళు ఎవరన్న సదువుతుంటే ముందు గది తెరిచి సూడుర్రి. పేరు ఉన్నదా, చదువు కాడ డ్యాష్ గీసిన్రా అని.

డల్లాస్ అమ్మ:
అందరికీ థాంక్స్ అండి. టీఈఏ సైట్‌లో చూశాను, ఆవిడకి స్టాండర్డ్ సర్టిఫికెట్టే ఉంది, కాకపోతే నాలుగు నుంచి ఎనిమిది ఇంగ్లీష్‌కి, మ్యాథ్స్‌కి లేదు. ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెడితే రిప్లై ఇచ్చారు, మ్యాథ్స్ టీచర్ మధ్యలో మానేశారట, మనిషి దొరక్క ఈవిడని వేశారు, ప్లాన్లు పక్క క్లాస్ టీచర్‌తో కలిసి రాస్తున్నారు, కోచ్ వారానికోసారి వస్తున్నారు, ఎగ్జామ్ డిసెంబర్‌లో రాస్తున్నారట. ఈ నాలుగు ముక్కలు ఆ లెటర్‌లోనే రాసి ఉంటే మా గ్రూప్‌లో ఇంత గోల ఉండేది కాదు కదా అని అదే మెయిల్‌లో రాశాను, దానికి మాత్రం ఇంకా జవాబు లేదు. కేటీ నాన్నగారూ, టెస్ట్ పేపర్లు పంపమని కూడా అడిగాను. మా ఆయన సెక్షన్ మాట ఎత్తట్లేదు గానీ, జనవరిలో మ్యాథ్స్ యాడ్ అయిందో లేదో సైట్‌లో చూడ్డానికి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నారు.