అప్‌డేట్: డ్రాయింగ్ లేని రైస్ మిల్లు ప్లేట్‌కు కాపీ తయారైంది

పరకాల దగ్గరి రైస్ మిల్లులోని పాత అల్యూమినియం ప్లేట్‌కు డ్రాయింగ్ లేదు, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మిషన్) మీద కాపీలు ఎలా తీయాలని అడిగాను కదా. ఫోన్ ఫొటో వద్దు, స్కానర్ మీద పెట్టమని ఎక్కువ మంది చెప్పారు. అదే చేశాను.

హన్మకొండలో ఒక జిరాక్స్ షాపాయన ఒప్పుకున్నాడు (గాజు మీద గీతలు పడతాయని ఆయనకు ఒకటే టెన్షన్). 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) తీశాం. అంటే ఒక్కో పిక్సెల్ దాదాపు 0.04 మిల్లీమీటర్లు. ప్లేట్ పక్కన అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి స్టీల్ స్కేళ్లు పెట్టమన్న సలహా బంగారం. రెండు దిక్కుల్లో కొలత కొంచెం తేడా వచ్చింది, విడివిడిగా సరిచేశాను.

ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఆటో ట్రేస్ (బొమ్మ అంచుల వెంట గీతలు తానే గీసేది) మాత్రం నాకు నచ్చలేదు. నున్నటి వంపును కూడా వందల చిన్న ముక్కలు చేస్తుంది. అందుకే స్కాన్‌ను అడుగున పెట్టుకుని, పైన గీతలు, ఆర్క్‌లు నేనే గీశాను. బోల్టు రంధ్రాలకు స్కాన్‌ను అసలు నమ్మలేదు. వెర్నియర్‌తో రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య దూరం కొలిచి, అందులోంచి ఒక రంధ్రం వ్యాసం తీసేస్తే సెంటర్ దూరం వచ్చేస్తుంది. రంధ్రాలు రెండూ ఒకే సైజు ఉండాలి, అంతే.

లోపలి మూలలకు 3 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ (తిరుగుతూ కోసే బిట్) వాడాం, మూలల్లో 1.5 మిల్లీమీటర్ల రేడియస్ గుండ్రం మిగిలింది. ముందు ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) ముక్క మీద కోసి రైస్ మిల్లు మిషన్‌కు బిగించి చూశాం. బోల్టులన్నీ చేత్తోనే ఎక్కాయి. అల్యూమినియంవి రేపు కోస్తారు.