పోపు 23వ జాన్‌ను సంస్కర్త అని ఎందుకు అంటారు?

ప్రశ్న: 1958లో 76 ఏళ్ల వయసులో ఎన్నికై, అయిదేళ్లు నిండకముందే మరణించిన పోపు 23వ జాన్‌ను గొప్ప సంస్కర్తగా ఎందుకు భావిస్తారో పెద్దలు వివరించగలరు. కతోలిక బిషప్పుల ప్రపంచ సమావేశమైన రెండవ వాటికన్ మహాసభను ముగించింది ఆయన కాదు కదా?

జవాబు 1: ముగించినది తరువాతి పోపు ఆరవ పౌలు, 1965లో. అయితే పదవిలోకి వచ్చి మూడు నెలలైనా నిండకముందే, 1959 జనవరి 25న, మహాసభను ప్రకటించి, 1962 అక్టోబరు 11న ప్రారంభించి, ఇతర క్రైస్తవ శాఖలవారిని పరిశీలకులుగా ఆహ్వానించినది ఆయనే. ఇటలీలోని బెర్గామో దగ్గరి కౌలురైతు బిడ్డ చూపిన ఆ సాహసం నన్ను నేటికీ కదిలిస్తుంది.

జవాబు 2: శుభ శుక్రవార ప్రార్థనలో యూదులను కించపరిచే విశేషణాన్ని 1959లోనే తీసివేయించారు, నా దృష్టిలో అసలు మలుపు అదే.

జవాబు 3: మా నాయనమ్మ లాటిన్‌లో విన్న దివ్యబలిపూజను మేము తెలుగులో వింటున్నామంటే, ఆయన మరణించిన ఆరు నెలలకు, 1963 డిసెంబరులో, ఆ మహాసభ ఆమోదించిన ఆరాధన సంస్కరణలే కారణం.