మండువా నమూనాలో గుంట మగ్గాలకు వెలుతురు చాలట్లేదు, సాయం చేయండి

బీఆర్క్ మూడో ఏడాది చదువుతున్నాను. డిజైన్ ప్రాజెక్టుగా భూదాన్ పోచంపల్లిలో 12 గుంట మగ్గాలకు నేత కేంద్రం ఇచ్చారు. మండువా లోగిలి స్ఫూర్తితో నడుమ 6 మీటర్ల చదరపు వాకిలి, చుట్టూ 4.5 మీటర్ల పంచలు గీశాను. నేసేవాళ్ల కాళ్లు గుంటలో ఉంటాయి, బట్ట దాదాపు నేల ఎత్తులోనే ఉంటుంది. 1:50 నమూనాను ఉదయం 10 గంటల ఎండలో పెట్టి చూస్తే చూరు కింద వెలుతురు, లోపలి మగ్గాల మీద మసక.

వాకిలిని 8 మీటర్లు చేస్తే మగ్గాలకు చోటు చాలలేదు. ఉత్తరం కిటికీ అడుగును 900 నుంచి 450 మి.మీ.కు దించితే నేసేవాళ్ల నీడే బట్ట మీద పడింది. ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగులద్దుతారు, నేసేటప్పుడు పడుగు (నిలువు), పేక (అడ్డం) దారాల రంగులు సరిగ్గా ఒకచోట కుదరాలి. కాస్త నీడ పడినా పూవు అంచు చెదురుతుంది, అదే నా దిగులు. జ్యూరీకి (ప్రాజెక్టును పరిశీలించి మార్కులు వేసే రోజుకు) 9 రోజులే ఉంది.

మగ్గం ఇళ్లు కట్టినవాళ్లు, నేసేవాళ్లు చెప్పండి: వెలుతురు ఏ పక్క నుంచి, నేలకు ఎంత ఎత్తులో వస్తే బట్ట మీద నీడ పడదు?