ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, ఫిజియో వాళ్లకు ఎక్సలెన్స్ అవార్డులు: ఎంపిక ఎలా పెట్టాలి?

ప్రశ్న: హెచ్‌ఆర్ డెస్క్, విజయవాడ

మాది 250 పడకల ప్రైవేటు ఆసుపత్రి. మే 12న నర్సులకు, జులై 1న డాక్టర్లకు సన్మానం జరుగుతుంది. ల్యాబ్, రేడియాలజీ, డయాలసిస్, ఓటీ (ఆపరేషన్ థియేటర్), ఫిజియో, డైట్ కలిపి 90 మంది దాకా ఉన్నారు, వాళ్లకంటూ ఏమీ లేదు. ఈ అక్టోబరు 14న, అంతర్జాతీయ అలైడ్ హెల్త్ ప్రొఫెషన్స్ డే (ఇలాంటి అనుబంధ వైద్య వృత్తుల దినం) నాడు మొదలుపెడదామంటే మేనేజ్‌మెంట్ సరేనంది. హెచ్‌ఓడీలు (విభాగాధిపతులు) తలా ఒక పేరు ఇవ్వాలి, తర్వాత వాట్సాప్‌లో ఓటింగ్ అనేది ఇప్పటికున్న ప్రతిపాదన. ఇది పనికొస్తుందా? ల్యాబ్ టెక్నీషియన్‌నీ ఫిజియోథెరపిస్టునీ ఒకే కొలతతో ఎలా చూడాలి? ఔట్‌సోర్సింగ్ వాళ్లను కలపాలా?

జవాబు 1: క్వాలిటీ సెల్

ఓటింగ్ వద్దండి. ల్యాబ్‌లో 30 మంది, డైట్‌లో ముగ్గురు ఉన్నచోట ఫలితం ముందే తేలిపోయినట్టే. హెచ్‌ఓడీ ఒక్కరే పేరిస్తే పగటి షిఫ్టు వాళ్లే వస్తారు. రాత్రి రెండింటికి పోర్టబుల్ ఎక్స్‌రే మిషన్ తోసుకుంటూ ఐసీయూకి వెళ్లే మనిషి పని ఆయన కంట పడదు కదా. నామినేషన్ ఎవరైనా వేయొచ్చని పెట్టండి: వార్డు సిస్టర్, డ్యూటీ డాక్టరు, తోటి ఉద్యోగి, ఎవరికి వారు కూడా.

ఫారం ఒక్క పేజీ దాటొద్దు. గత 12 నెలల్లో జరిగిన ఒకే ఒక్క సంగతి అడగండి: ఏం గమనించారు, ఏం చేశారు, దాంతో ఏం మారింది, రుజువు ఎక్కడుంది. రుజువంటే ఇన్సిడెంట్ ఫారం (పొరపాటు జరిగితే రాసేది) నంబరో, రిజిస్టర్ పేజీయో. 'కష్టపడి పనిచేస్తారు, అందరితో బాగుంటారు' అని రాసిన ఫారం అయితే వేసినవాళ్లకే వెనక్కి పంపి మళ్లీ రాయమనండి, కొట్టేయొద్దు. రాయడం అలవాటు లేక మంచి పేర్లు అక్కడే ఆగిపోతాయి.

మార్కులు ఇలా పెట్టి చూడండి: రోగి భద్రత 35, వృత్తి నైపుణ్యం 25, పనితీరులో తెచ్చిన మార్పు 20, జూనియర్లకు నేర్పడం 20. వృత్తి ఏదైనా ఈ నాలుగూ వర్తిస్తాయి, రుజువు మాత్రం ఎవరి విభాగానిది వాళ్లదే. కమిటీకి ఐదుగురు చాలు: క్వాలిటీ, నర్సింగ్, ఒక డాక్టరు, అలైడ్ విభాగాల నుంచి ఇద్దరు. తన విభాగం పేరు వచ్చినప్పుడు ఆ సభ్యుడు మార్కులు వేయకూడదు, మిగిలినవాళ్ల సగటు తీసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. 'ఏడాదిలో ఒక్క తప్పూ లేదు' అన్నది అర్హతగా పెట్టకండి. తప్పులు ఆగవు, వాటిని రాయడం ఆగిపోతుంది.

జవాబు 2: బయోకెమిస్ట్రీ ల్యాబ్

పై మాటకు తోడు, టర్న్ అరౌండ్ టైమ్‌ను, అంటే శాంపిల్ వచ్చాక రిపోర్టు ఇవ్వడానికి పట్టే సమయాన్ని మాత్రమే చూసి ల్యాబ్ వాళ్లకు అవార్డు ఇవ్వకండి. ఎందుకో చెప్తాను. వార్డు నుంచి వచ్చిన సీరంలో పొటాషియం బాగా ఎక్కువగా 8.2, కాల్షియం బాగా తక్కువగా 4.6 వచ్చాయనుకోండి. అంతకుముందు రోజు రెండూ నార్మల్. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ (పొటాషియం ఉన్న రసాయనం) సీరం ట్యూబులో కలిస్తే అచ్చం ఇలాగే వస్తుంది: దాంతో వచ్చే పొటాషియం లెక్కలో చేరుతుంది, ఈడీటీఏ కాల్షియంను పట్టేస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ విలువ కూడా పడిపోతుంది. ఊదా ట్యూబు ముందు నింపడమో, అందులోని రక్తాన్ని వేరే ట్యూబులోకి ఒంపడమో కారణం.

తెలిసిన టెక్నీషియన్ ఆ రిపోర్టు వదలడు. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి 'ఈ విలువ మీద అనుమానం ఉంది' అని చెప్పి, తాజా శాంపిల్ తెప్పిస్తాడు. వదిలేసి ఉంటే లేని పొటాషియంను దించడానికి రోగికి ఇన్సులిన్ ఎక్కించేవాళ్లు. కానీ కంప్యూటర్‌లో మిగిలేది ఏమిటి? 'రిపోర్టు ఆలస్యం' అన్న ఎర్ర గీత. సమయాన్ని మాత్రమే లెక్కేస్తే ఆ నెలలో బాగా పనిచేసిన మనిషికే మార్కులు తగ్గుతాయి. శాంపిల్ రిజెక్షన్ రిజిస్టర్, క్రిటికల్ కాల్ రిజిస్టర్ (ప్రమాదకర విలువ వస్తే డాక్టరుకు చేసిన ఫోన్లు రాసేది) తిరగేయండి, అసలు పేర్లు అక్కడ దొరుకుతాయి.

జవాబు 3: రేడియాలజీ, డయాలసిస్ టెక్నికల్

ఎక్స్‌రేలో రిపీట్ శాతం (మళ్లీ తీసినవాటి శాతం) తక్కువున్నవాళ్లకే అవార్డు అంటే, మళ్లీ తీయాల్సిన ఫిల్మును కూడా అలాగే రిపోర్టింగ్‌కు పంపేస్తారు. డీఆర్ (డిజిటల్ ఎక్స్‌రే) మిషన్‌లో రిజెక్ట్ లాగ్, అంటే పనికిరావని పక్కనపెట్టినవాటి చిట్టా ఉంటుంది. అందులో కారణాలు నిజాయతీగా నమోదయ్యాయా, పొజిషనింగ్ తప్పులు ఆరు నెలల్లో తగ్గాయా అన్నది చూడండి.

డయాలసిస్‌లో నీళ్ల రిజిస్టర్ తెరవండి. మున్సిపల్ నీరు వాడేచోట ప్రతి షిఫ్టులో రోగులను మిషన్ మీదకు ఎక్కించే ముందు, ఆర్‌ఓ (నీటిని శుద్ధిచేసే యంత్రం) కాసేపు నడిచాక, మొదటి కార్బన్ ట్యాంకు తర్వాతి నీటిలో మొత్తం క్లోరిన్ చూడాలి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. క్లోరమిన్ (నీటిశుద్ధికి కలిపే క్లోరిన్ రకం) ట్యాంకు దాటి రోగి రక్తానికి చేరితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఏడాది పొడవునా ఒకే పెన్నుతో, ఒకే అంకె వరసగా ఉంటే అది కూర్చుని ఒకేసారి నింపిన రిజిస్టర్. అంకెలు మారుతూ, హద్దు దాటిన రోజున 'షిఫ్టు ఆపాం, రెండో ట్యాంకు తర్వాత పరీక్షించాం' అని రాసి ఉంటే అది నిజమైన పని.

ఫిజియోకు రోజుకు ఎంతమందిని చూశారన్నది కాదు, చేరినప్పుడూ డిశ్చార్జి నాడూ బార్తెల్ స్కోరు (రోజువారీ పనులు రోగి సొంతంగా ఎంతవరకు చేసుకోగలరో చెప్పే కొలత) ఎంతుందో చూడండి.

జవాబు 4: క్వాలిటీ సెల్

ఔట్‌సోర్సింగ్ వాళ్లను తప్పకుండా కలపండి. పనిచేసేది మీ రోగుల దగ్గరే కదా. నగదు ఇచ్చేటట్టయితే ఏజెన్సీ జీతం ద్వారానే వెళ్లాలి, పన్ను కూడా పడుతుంది, ముందే చెప్పండి.

సర్టిఫికెట్ మీద అందరికీ కలిపి 'పారామెడికల్ స్టాఫ్' అని కొట్టించకండి. 2021 నాటి జాతీయ కమిషన్ చట్టం టెక్నీషియన్లను అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్స్ అనీ, ఫిజియోథెరపిస్టుల్లాంటి వాళ్లను హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ అనీ విడిగా చెబుతుంది. ఎవరి హోదా వాళ్లది, స్పెల్లింగ్‌తో సహా వాళ్లకే చూపించి సరిచేయించండి.

అక్టోబరు 14 అంటే ఆగస్టు నెలంతా నామినేషన్లు, సెప్టెంబరు మొదటి రెండు వారాలు రిజిస్టర్లతో సరిచూడటం, 20కల్లా మార్కులు. అవార్డు రానివాళ్ల ఫారాలను బీరువాలో పెట్టేయకుండా, వాళ్ల గురించి ఎవరేం రాశారో ఆ కాగితం కాపీ వాళ్లకే ఇవ్వండి. సభ మధ్యాహ్నం 2కి, షిఫ్టు మారే వేళ పెట్టండి, రాత్రి డ్యూటీ వాళ్లు కూడా రాగలుగుతారు.