చర్చ: పొద్దున బ్యాచ్‌కే ఒళ్లు మంట, స్విమ్‌సూట్లు వెలిసిపోతున్నాయి. క్లోరిన్ ఎక్కడ ఎక్కువవుతోంది?

బ్లాక్_సి: అపార్ట్‌మెంట్ పూల్, దాదాపు 1,00,000 లీటర్లు, బోరు నీళ్లు. పసుపు రంగు వచ్చే కిట్‌లో క్లోరిన్ రీడింగ్ 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు). అయినా ఆరింటి బ్యాచ్ పిల్లలకు ఒళ్లు మంట, సాయంత్రం వాళ్లకు ఏమీ లేదు. 200 గ్రాముల క్లోరిన్ టాబ్లెట్లు స్కిమ్మర్ (నీటి పైనున్న చెత్తను లాగేది) బుట్టలో వేస్తారు, రాత్రి పంపు ఆపేస్తారు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

పంపురూమ్: కారణం మీ చివరి వాక్యంలోనే ఉందండీ. ఆ టాబ్లెట్లు టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసైనూరిక్ యాసిడ్), బాగా ఆమ్లగుణం ఉన్న క్లోరిన్ మందు. పంపు ఆగినా బుట్టలో కరుగుతూనే ఉంటాయి. రాత్రంతా ఆ చిక్కటి నీరు స్కిమ్మర్‌లోనూ పైపులోనూ నిలుస్తుంది. పొద్దున స్విచ్ వేయగానే అదంతా ఇన్‌లెట్ల నుంచి ఒక్కసారిగా పూల్‌లోకి వస్తుంది. గోడ పక్కన ఉన్న పిల్లల ఒంటికి తగిలేది అదే. ఫిల్టర్, పంపు సీళ్లు కూడా దానికే పాడవుతాయి. టాబ్లెట్లను తేలే డబ్బాలోకి మార్చండి, పిల్లలు దిగే ముందు డబ్బా తీసేయండి. పంపు కనీసం గంట ముందు నడిపించి, రీడింగ్ చూశాకే గేటు తీయండి.

పసుపు కిట్‌ను నమ్మకండి. అది మొత్తం క్లోరిన్ చూపిస్తుంది. పనిచేసేదెంత, చెమటతో కలిసి చెడిపోయిందెంత అన్నది చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ కొనండి, అది రెండూ విడిగా చూపిస్తుంది. ఒక జాగ్రత్త: నీళ్లు గులాబీ రంగుకి మారి వెంటనే ఆ రంగు పోతే క్లోరిన్ లేదనుకుని ఇంకో డోసు వేసేస్తారు. అసలు క్లోరిన్ మరీ ఎక్కువై రంగునే చంపేసింది. ఒక వంతు పూల్ నీటికి తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ చూసి, వచ్చిన అంకెను పదితో గుణించండి.

లేన్4: ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు. ఆ వాసన క్లోరమైన్లది. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే పుడతాయి. కళ్ల మంట, దగ్గు వాటివల్లే. మొత్తం క్లోరిన్ నుంచి ఫ్రీ క్లోరిన్ (ఇంకా పనిచేసేది) తీసేస్తే మిగిలేది ఇదే. 0.4 పీపీఎం దాటితే, మిగిలిన అంకెకు పదింతలు ఫ్రీ క్లోరిన్ రాత్రిపూట ఒకే డోసుగా వేయాలి. కొంచెం కొంచెంగా వేస్తే వాసన ఇంకా పెరుగుతుంది. మీ పూల్‌కి 1 పీపీఎం పెంచాలంటే 65 శాతం కాల్షియం హైపో (కాల్షియం హైపోక్లోరైట్ పొడి) 150 గ్రాములు. మళ్లీ 3 లోపుకి దిగాకే పిల్లల్ని దింపండి. పీహెచ్ 7.2–7.6 మధ్య ఉంచండి. బోరు నీళ్లతో అది పైకే పోతుంది, 8 దాటితే ఎంత క్లోరిన్ ఉన్నా సగానికి సగం కూడా పనిచేయదు.

చర్మం_సంగతి: పిల్లల ఒంటి మీద ఏం వచ్చిందో దగ్గరగా చూడండి. చర్మం బిగుసుకుపోయి, తెల్లగా పొట్టులేచి, మోచేతి మడతల్లో దురదగా ఉంటే క్లోరిన్ నూనె లాగేసినట్టు. స్విమ్‌సూట్ కింద మాత్రమే చిన్న ఎర్ర గుల్లలు, ఒకటి రెండు రోజుల తర్వాత వస్తే కథ తిరగబడింది: అది క్లోరిన్ తక్కువై పెరిగిన బ్యాక్టీరియా పని. మందు ఒకటే అనుకుని క్రీము రాయకండి, డాక్టరుకి చూపించండి. మొదటి రకానికైతే దిగేముందు నిమిషం పాటు మంచినీళ్ల స్నానం, మడతల్లో పల్చగా వాజిలిన్, బయటికి రాగానే గోరువెచ్చని స్నానం, తడి ఆరకముందే మాయిశ్చరైజర్. వేడినీళ్లు, సున్నిపిండి రుద్దుడు ఆ రోజుకి వద్దు.

బ్లాక్_సి: థాంక్సండీ. కొబ్బరినూనె రాసి దింపొచ్చా?

చర్మం_సంగతి: ఒంటికి వద్దు. నూనె నీళ్లలో కలిసి క్లోరిన్‌ని తినేస్తుంది, టైల్స్ అంచున జిడ్డు పట్టీ కడుతుంది. జుట్టు కొసలకు కొద్దిగా రాసి సిలికాన్ టోపీ పెట్టండి. లేటెక్స్ టోపీ నూనెకు పాడవుతుంది.

కత్తెర_సూది: బట్టల మాట. స్విమ్‌సూట్‌ని వెలుగుకి పట్టి కూర్చునే భాగం చూడండి. అక్కడ గుడ్డ పల్చబడి, తెల్లటి సన్న వెంట్రుకల్లా పోగులు బయటికొస్తే అది తెగిన ఎలాస్టేన్, అంటే గుడ్డకు సాగు ఇచ్చే దారం. రంగు పోవడం పైపైన, సాగు పోవడమే అసలు నష్టం. దాన్ని కుట్టి బాగుచేయలేం. లేబుల్ మీద నైలాన్ 80, ఎలాస్టేన్ 20 అని ఉంటే మెత్తగా ఉంటుంది గానీ క్లోరిన్‌కి త్వరగా పోతుంది. రోజూ ఈదేవాళ్లకి పాలియెస్టర్, పీబీటీ (అదీ ఒక రకం పాలియెస్టరే) కలిసినది తీసుకోండి, కాస్త బిగుతుగా ఉన్నా ఎక్కువకాలం వస్తుంది. దిగేముందు మంచినీళ్లతో తడపండి. బయటికొచ్చాక అక్కడే చన్నీళ్లలో జాడించండి, తడిదాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి సాయంత్రం దాకా ఉంచకండి. కాస్త షాంపూతో ఉతికి, పిండకుండా టవల్లో ఒత్తి, నీడలో ఆరేయండి.

పంపురూమ్: బ్లాక్_సి గారూ, సైనూరిక్ యాసిడ్ (టాబ్లెట్లలో ఉండేది, ఎండకు క్లోరిన్ పోకుండా ఆపేది) కూడా చూడండి. టాబ్లెట్‌తో 1 పీపీఎం క్లోరిన్ వేసిన ప్రతిసారీ అది 0.6 చొప్పున పేరుకుంటుంది. 100 దాటితే క్లోరిన్ మొద్దుబారుతుంది. కొంత నీరు తీసేసి కొత్తనీరు నింపడమే దారి. హైపోకి మారితే మాత్రం టాబ్లెట్ ఉన్న స్కిమ్మర్‌లో గానీ డబ్బాలో గానీ వేయనివ్వకండి. రెండూ కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది. రెండింటికీ వేరే వేరే పొడి గరిటెలు, వేరే అల్మారాలు. పొడిని ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. పూర్తిగా కరిగించి, పొద్దుపోయాక, పంపు నడుస్తుండగా చుట్టూ పోయించండి. అడుగున పలుకులు మిగిలితే పొద్దున అక్కడ కూర్చున్న పిల్లాడి నిక్కరు మీద తెల్లమచ్చ పడుతుంది.