అప్‌డేట్: క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కి మారిపోయాను

క్రోమ్‌లో యాడ్స్‌ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌కి మారితే పాస్‌వర్డ్‌లు కూడా వస్తాయా అని అడిగాను కదా. వస్తాయి. క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ కొడితే పాస్‌వర్డ్‌లన్నీ ఉన్న సీఎస్‌వీ (మామూలు టెక్స్ట్) ఫైల్ దిగుతుంది. ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్స్ పేజీలో మూడు చుక్కల మెనూ నుంచి దాన్ని ఇంపోర్ట్ చేయాలి. ఆ ఫైల్ ఎవరు తెరిచినా పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో కనిపిస్తాయి, కాబట్టి పని అవ్వగానే డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో లాగిన్ అయ్యేవి) మాత్రం ఇందులో రావు. ఒక్కో సైట్‌లో మళ్లీ పెట్టుకోవాలి.

యూబ్లాక్ ఆగడానికి కారణం, క్రోమ్ మానిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతిలో చేసిన ఎక్స్‌టెన్షన్లను తీసేయడం. ఫైర్‌ఫాక్స్ వాటిని ఉంచింది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అదే యూబ్లాక్ నడుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.