పీకేయబోయే పన్నులో సిమెంట్ పెట్టి చూస్తారట, ఒప్పుకోవచ్చా?

కృష్ణలంక_అమ్మ:
మా అమ్మాయికి 14 ఏళ్లు. క్లిప్పులు వేయాలంటే పైన రెండు, కింద రెండు చిన్న దవడ పళ్లు తీయాలన్నారు. నిన్న డెంటల్ కాలేజీలో ఒక పీజీ డాక్టరమ్మ వచ్చి, "ఎలాగూ తీసేవే కదమ్మా, ముందు చిన్న గుంట చేసి కొత్త సిమెంట్ పెడతాం, నెల తర్వాత తీసి లోపల నరం ఎలా ఉందో చూస్తాం" అంది. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం మొత్తం ఇంగ్లిషే. నిక్షేపంలాంటి పన్నుకి కావాలని రంధ్రం చేయడం ఏంటండీ? మీలో ఎవరైనా ఒప్పుకున్నారా?

ఎండో_పీజీ:
అమ్మా, నా థీసిస్ ఇదే. తల్లులు నన్నూ ఇలాగే నిలదీశారు. మత్తు సూది ఇచ్చి, ఉమ్మి తగలకుండా రబ్బరు షీటు కట్టి, గుంట చేసి, మెటీరియల్ పెట్టి మూసేస్తాం. కొన్ని పళ్లు వారానికి, కొన్ని నెలకి, కొన్ని మూడు నెలలకి తీస్తాం. తీసిన వెంటనే వేరు కొస కోసేసి ఫార్మలిన్ సీసాలో వేయాలి. ఆలస్యమైతే ఫార్మలిన్ లోపలికి ఇంకేలోపే నరం చెడిపోతుంది. ఇక అది సిమెంట్ వల్ల చెడిందో మా వల్ల చెడిందో చెప్పలేం. నావి రెండు అలాగే పోయాయి. ఆ పిల్లాడు సూది పొడిపించుకున్నది వృథా అయిందే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

తర్వాత పన్నుని వారాలపాటు యాసిడ్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక 5 మైక్రాన్ల పొరలుగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతాం. వాపు ఉందా, కొత్త డెంటిన్ (పైపొర కింద నరాన్ని కాచే గట్టి పొర) కడుతోందా, బాక్టీరియా దూరిందా? చూసేది ఇవే.

మీరు అడగాల్సింది ఒకటుంది: గుంట నరం దాకా వెళ్తుందా, పైనే ఆగుతుందా? రెండిటికీ చాలా తేడా.

సందేహాల_రావు:
ఇవన్నీ ల్యాబ్‌లో చేసుకోవచ్చుగా? పిల్లల నోళ్లే దొరికాయా?

ల్యాబ్‌కోటు:
ముందు చేసేది ల్యాబ్‌లోనే రావుగారూ. పళ్ల మెటీరియల్స్ ఒంటికి పడతాయో లేదో పరీక్షించడానికి ఐఎస్‌ఓ 7405 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. నా పని అందులో మొదటి మెట్టు. ప్లేటులో ఎలుక కణాలు పెంచి, సిమెంట్ నానబెట్టిన ద్రవం పోసి, పసుపు రంగు మందు కలుపుతాం. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. పసుపుగానే ఉండిపోతే కణాలు పోయినట్టే.

ఇప్పుడు తమాషా చూడండి. జింక్ ఆక్సైడ్ యూజినాల్ పెడితే ప్లేటు పసుపే! అదేనండీ, లవంగ నూనె వాసనొచ్చే సిమెంట్. నొప్పి తగ్గాలని డాక్టర్లు తరాలుగా పెడుతున్నదే. పన్నులో మధ్యన డెంటిన్ గోడ ఉంటుంది కాబట్టి నరం దాకా చేరేది పిసరంత, నరం హాయిగానే ఉంటుంది. ఆ గోడ అర మిల్లీమీటరు మిగిలినా బోలెడు నయం. ఈ సిమెంటే నేరుగా నరానికి తగిలితే మాత్రం వాపు వదలదు. డెంటిన్ బిళ్లని అడ్డుపెట్టి చేసే పరీక్ష కూడా ఉంది గానీ, ఆ బిళ్ల వెనక రక్తం పారదు కదా, బతికున్న పన్నుతో సమానం కాదు.

సందేహాల_రావు:
మరి కోతులో?

ఎండో_పీజీ:
కోతులతోనే బోల్తా పడ్డాం. బయటపడ్డ నరం మీద బాండింగ్ రెజిన్ (తెల్ల సిమెంట్‌ని పన్నుకి అతికించే జిగురు) నేరుగా పెట్టొచ్చని కోతి పళ్లలో బాగానే తేలింది. అదే మనుషుల పళ్లలో పెట్టి, తీసి చూస్తే వాపు తగ్గలేదు, నరాన్ని మూసే కొత్త డెంటిన్ పొర, అదే డెంటిన్ వంతెన, సరిగా కట్టలేదు. పక్కనే పాత కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టిన పళ్లు శుభ్రంగా కట్టుకున్నాయి. ఆ తెలిసింది కూడా ఇలా క్లిప్పుల కోసం తీసిన పళ్ల వల్లే.

పిప్పిపన్ను72:
నా గోల వేరు. తెల్ల సిమెంట్ పెట్టించుకున్నాక చల్లనీళ్లు తాగితే జివ్వుమని ప్రాణం పోయేది. మెటీరియల్ పడలేదని ఏడాదిపాటు తిట్టుకున్నా. వేరే డాక్టరు తీసి అద్దంలో చూపించింది: అంచున సన్న సందు, కింద గోధుమరంగు మెత్తటి పిప్పి. మళ్లీ అదే కంపెనీ సిమెంట్ పెట్టింది. ఇప్పుడు ఐస్‌క్రీమ్ కొరుక్కు తింటున్నా.

ఎండో_పీజీ:
సరిగ్గా చెప్పారు. 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనేవాళ్లు ఎలుకల పళ్లలో నరం బయటపడేలా తొలిచి, ఏమీ పెట్టకుండా వదిలేశారు. మామూలు ఎలుకల్లో నరం చచ్చింది. పుట్టినప్పటి నుంచీ సూక్ష్మజీవి సోకకుండా పెంచిన ఎలుకల్లో గుంటలో తిండి ఇరుక్కున్నా మానింది, డెంటిన్ కట్టింది. 1987లో కాక్స్ బృందం కోతుల్లో, నరానికి విషమని పేరుపడ్డ సిమెంట్లని నేరుగా నరం మీదే పెట్టి, పైన గట్టిగా సీల్ చేసింది. ఆ నరాలూ మానాయి. సిమెంట్ మీద వేసిన నిందల్లో సగం సందులోంచి దూరిన బాక్టీరియావే. అలాగని అన్ని మెటీరియల్సూ అమాయకమేం కాదు, పైన రెజిన్ సంగతి చెప్పానుగా.

ల్యాబ్‌కోటు:
కృష్ణలంక అమ్మగారూ, ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (మన దేశంలో మనుషుల మీద చేసే వైద్య ప్రయోగాల రిజిస్టరు) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. కాగితం తెలుగులో ఇవ్వాల్సిందే. మీ సంతకం ఒక్కటే చాలదు, 12 దాటిన పిల్లలు తమ అంగీకారం విడిగా రాసివ్వాలి. మధ్యలో వద్దన్నా వైద్యం ఆపకూడదు.

కృష్ణలంక_అమ్మ:
ఇవాళ వెళ్లి అన్నీ అడిగాం. నంబరు చూపించారు, తెలుగు కాగితం ఇచ్చారు. గుంట నరం దాకా వెళ్లదట. మా అమ్మాయి కాగితం మొత్తం చదివి, "రెండు పళ్లకే, నాలుగింటికి కాదు" అని రాసి సంతకం పెట్టింది. మైక్రోస్కోప్ ఫొటో ఇస్తామంటేనే అని షరతు కూడా పెట్టింది. డాక్టరమ్మ నవ్వి, అది కూడా కాగితం మీద రాసింది.